పెరటిలో బచ్చలి పందిరి: వాడిన నీటితో వేసవి ఆకుకూర

"పెరటి చెట్టు వైద్యమునకు రాదు" అని మన పెద్దలు చెప్పుదురు. చేతికందు దూరములో నున్న వస్తువునకు విలువ ఉండదని ఆ సామెత భావము. తీగ బచ్చలి విషయములో ఇది అక్షరాల నిజము. ఒకప్పుడు నూతిగట్టు ప్రక్కనో, దాలి వెనుకనో ఎవరును నాటకయే ప్రాకిన ఈ తీగ నేడు అనేక ఇండ్లలో కానరాదు. ఆకుకూర కావలసివచ్చినప్పుడు బండిమీద వచ్చిన వాడిన కట్టను కొనుచున్నాము. వేసవిలో ఆ కట్టయు దొరకదు.

మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి ప్రాంతముల రైతులకు ఈ కష్టము బాగుగా తెలిసినదే. భైరవకోన గుహాలయములకు పేరుపడిన చంద్రశేఖరపురము మండలమునే తీసికొందము. గరుసుతో కూడిన ఎర్రనేలలు, నమ్మరాని వానలు, ఫాల్గుణము దాటునప్పటికి అడుగంటు బావులు. చేలలో కంది, సజ్జ, ఆముదము వంటి మెట్ట పైరులు పండించుకొనుటయే గగనమైనచోట ఇంటి వాడుకకు కూరతోట పెంచుమని చెప్పిన యెడల రైతు నవ్వును. "త్రాగుటకే నీరు లేదు, పాదుకు నీరెక్కడ?" అని అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

సమాధానము ఒక్క మాటలో ఇది: బచ్చలి పందిరికి క్రొత్తగా నీరు తేనక్కరలేదు. ఇంటిలో ఒకసారి వాడి వాకిట పారబోయు నీరే దానికి చాలును. అయితే ఏ నీరు పోయవలెనో, ఏ నీరు పోయరాదో తెలిసియుండవలెను.

ఎటువంటి మొక్క?

తీగ బచ్చలి ఉష్ణమండలపు మొక్క. ఆకులు దళసరిగా, నున్నగా, నీరు నిండి యుండును. కాడ ఆకుపచ్చగా నుండు రకము ఒకటి, ఎర్రగా నుండు రకము మరియొకటి కలవు. శాస్త్రజ్ఞులు ఈ రెంటిని ఒకే జాతిగా పరిగణించుచున్నారు. రుచిలో భేదము స్వల్పము. ఎర్రకాడ రకము కంటికి ఇంపుగా నుండుటచే ఇంటిముందర పందిరికి తగియుండును.

ఈ తీగను తినువారము మనము మాత్రమే కాదు. బంగాళీలు దీనిని పుయి శాకమని పిలిచి రొయ్యలతోను, చేప తలలతోను వండుదురు. తమిళులకు ఇది కొడిపసలై. మంగళూరు వైపు బసళె అందురు. ఫిలిప్పీను దీవులలో అలుగ్బాటి అను పేరుతో సంతలలో అమ్ముదురు. చలిదేశముల పాలకూర మన ఎండకు తాళలేక త్వరగా పూతకు వచ్చును. బచ్చలి మాత్రము వేరు తడిగా నున్నంతకాలము ఎండను లెక్కచేయదు. మిట్టమధ్యాహ్నము ఆకులు వ్రేలాడినను సాయంకాలమునకు తిరిగి నిలుచును. ఈ గుణమే దీనిని మన సీమకు తగిన తీగగా చేసినది.

ఆకులోని సారము

నూరు గ్రాముల పచ్చి ఆకులో దాదాపు 100 మిల్లీగ్రాముల సి విటమిను, అంతే పరిమాణములో సున్నపు ధాతువు ఉండును. ఎ విటమినుగా మారు పసుపు పదార్థము కూడ సమృద్ధిగా కలదు. చూపు మందగించకుండుటకును, పిల్లల ఎదుగుదలకును ఇది అవసరము. నూనెతో కలిసినప్పుడే ఈ పదార్థము ఒంటికి బాగుగా పట్టును గనుక తాలింపులో ఒక చెంచా నూనె తప్పక ఉండవలెను. సి విటమిను వేడికి కొంత నశించును. కావున ఆకును తరిగి చాలసేపు ఉంచక, పప్పు ఉడికిన తరువాత వేసి కొద్దిసేపు మాత్రమే ఉడికించుట మేలు.

మన ప్రాంతమున కంది పండును. కందిపప్పులో మాంసకృత్తులు, బచ్చలిలో విటమినులు ఉన్నవి. రెండును కలిసిన బచ్చలిపప్పు పేదయింటి పిల్లవానికి చక్కని ఆహారము. కంద బచ్చలి, పులుసు, శనగపిండిలో ముంచిన బజ్జీలు అందరికి తెలిసినవే.

ఒక హెచ్చరిక అవసరము. బచ్చలిలో ఆగ్జాలిక్ ఆమ్లపు లవణములు కూడ కలవు. మూత్రపిండములలో రాళ్లున్నవారు దీనిని వైద్యుని అడిగి మితముగా వాడవలెను. ఇతరులు వారమునకు రెండు మూడుసార్లు తినుటకు సంకోచింపనక్కరలేదు.

నీటి లెక్క

ఒక చదరపు మీటరు స్థలములో ఒక మిల్లీమీటరు లోతు నీరు అనగా సరిగ్గా ఒక లీటరు. నడివేసవిలో ఆకుల గుండా, నేల గుండా రోజుకు ఆరేడు మిల్లీమీటర్ల నీరు ఆవిరియై పోవును. బచ్చలి పందిరి మూడు చదరపు మీటర్లు ప్రాకినదనుకొనుడు. దానికి కావలసినది రోజుకు సుమారు 20 లీటర్లు, అనగా పదునైదు లీటర్ల బిందెతో బిందెన్నర లోపే. చలికాలములో అందులో సగము చాలును. వానలు సక్రమముగా నున్నప్పుడు ఏమియు పోయనక్కరలేదు.

2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ పథకము పల్లెలలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందవలెనని ప్రమాణము పెట్టినది. ఆ లెక్కన అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. అంత నీరు అందని పల్లెలు ఉన్నవనుట నిజమే. అయినను అందులో సగమే అందిన ఇంటిలో కూడ బియ్యము, పప్పు, కూరగాయలు కడిగిన నీరు, గిన్నెలు తొలిచిన నీరు కలిపి ఒకటి రెండు బిందెలు రోజును బయటికి పోవుచునే యుండును. అది వీధిలో నిలిచి దోమలను పెంచును. అదే నీరు పాదులో పడినయెడల కూర అగును. ఆడువారు తలమీద మోసి తెచ్చిన నీటిని రెండుసార్లు వాడుకొనుటకు ఇంతకన్న మంచి ఉపాయము లేదు.

ఏ నీరు పోయవచ్చును?

బియ్యము, పప్పు, కాయలు, ఆకులు కడిగిన నీటిని నేరుగా పాదులో పోయవచ్చును. గిన్నెలు తోమిన నీటిలో జిడ్డును, సబ్బును ఉండును గనుక దానిని జల్లెడ కుండ గుండా పంపవలెను. జల్లెడ కుండ చేయుట కష్టము కాదు. అడుగున రెండు మూడు చిల్లులున్న పాత కుండనో, బకెట్టునో తీసికొని అడుగున గులకరాళ్లు, వానిపై కంకర, ఆపైన ఇసుక, అన్నిటిపైన కొబ్బరిపీచు నింపి పాదు అంచున ఉంచవలెను. జిడ్డు పీచులోను, ఇసుకలోను నిలిచిపోవును. వారమునకొకసారి పీచును, రెండు నెలలకొకసారి ఇసుకను మార్చవలెను.

స్నానపు నీటిని సబ్బు తక్కువగా నున్నప్పుడు అప్పుడప్పుడు పోయవచ్చును. బూడిదతో తోమిన గిన్నెల నీరు కొద్దిగా పోసినచో కీడు లేదు. నిత్యము ఒకే పాదులో పోసిన యెడల నేల చౌడుబారును.

ఈ క్రింది నీటిని పోయనే పోయరాదు: బట్టల సబ్బుపొడితో ఉతికిన మొదటి నీరు, పసిపిల్లల మలమూత్రముల బట్టలు ఉతికిన నీరు, మరుగుదొడ్డి నీరు, పురుగుమందు డబ్బాలు, పిచికారీ పంపులు కడిగిన నీరు. బట్టల పొడిలో సోడియము హెచ్చుగా నుండును. అది నేలలోని మట్టిరేణువులను విడగొట్టి మెత్తని పిండివలె చేయును. పైన పెచ్చు కట్టి నీరు ఇంకక నిలిచిపోవును. వేరునకు గాలి ఆడక తీగ పసుపుబారి చచ్చును.

వాడిన నీటిని ఏనాటిదానిని ఆనాడే పోయవలెను. నిలువయుంచిన యెడల వాసన పుట్టి దోమలు చేరును. నీటిని మొదట పోయవలెనుగాని ఆకులపై చల్లరాదు. ఈ విధముగా పెంచిన ఆకును బాగుగా కడిగి, ఉడికించియే తినవలెను, పచ్చిగా తినరాదు. వారమునకొకసారి ఒక బిందెడు మంచినీరు పోసినచో చేరిన ఉప్పు క్రిందికి దిగిపోవును. వానకాలములో ఈ పని వానయే చేయును.

ఫ్లోరైడు మాట

మన ప్రాంతపు భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చుగా నుండుట చాలకాలముగా తెలిసిన విషయము. భారతదేశమున ఎముకలను వంచు ఈ వ్యాధిని గూర్చి వైద్యులు మొదట వ్రాసినది ఈ సీమను గూర్చియే. షార్ట్ అను వైద్యుడును, ఆయన సహచరులును నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో దీనిని పరిశీలించి 1937లో ప్రకటించిరి. కనిగిరి తాలూకా అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండెను. 1970లో క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు చేరినది. లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము మించకుండుట మంచిదనియు, వేరు ఆధారము లేనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు నేటి భారత ప్రమాణము.

బచ్చలి ఈ వ్యాధికి మందు కాదు. మంచి నీరు త్రాగుటయే దీనికి మొదటి రక్షణ. అయితే సున్నము, సి విటమిను తగినంత లేని ఆహారము తినువారికి ఫ్లోరైడు వలన హాని హెచ్చగునని వైద్యులు చెప్పుచున్నారు. అందుచే పాలు, రాగి, ఆకుకూరలు, ఉసిరి, జామ పిల్లలకు పెట్టుట అవసరము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిన ఒక పరిశీలనలో చింతపండు తిన్న బడిపిల్లల మూత్రమున ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోవుట కనబడినది. కావున మన వాడుకలోని బచ్చలి పులుసు తెలివైన వంటయే.

ఇక్కడ ఒక తప్పు తరచు జరుగుచున్నది. అనేక గ్రామములలో నేడు నీటిశుద్ధి యంత్రములు ఉన్నవి. అవి శుద్ధిచేసిన నీటిని ఒక గొట్టమున, మిగిలిన నీటిని మరియొక గొట్టమున విడుచును. ఆ మిగిలిన నీరు తేటగా కనబడుటచే "వృథా ఏల?" అని కొందరు పాదులకు పోయుచున్నారు. అసలు నీటిలోని ఉప్పు, ఫ్లోరైడు అంతయు చిక్కబడి చేరినది ఆ నీటిలోనే. దానిని కూరపాదులకు పోయరాదు. ఆకులోనికి కొంత ఫ్లోరైడు చేరుటయేగాక నేలయు పాడగును. ఇంటిలోని చిన్న యంత్రపు మిగులు నీటికి కూడ ఇదే నియమము. దానిని మరుగుదొడ్డి శుభ్రతకు వాడుకొనవలెను.

ఫ్లోరైడు హెచ్చుగా నున్న బోరునీరు తరచు సోడా గుణము కలిగియుండును. అట్టి నీరు వాడు ఇండ్లలో మూడు నాలుగు నెలలకొకసారి పాదులో ఒక గుప్పెడు జిప్సం చల్లి, మట్టిలో కలిపి, మంచినీరు పోయుట మేలు.

స్థలము, పాదు

ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నము తరువాత నీడపడు చోటు బచ్చలికి శ్రేష్ఠము. ఇంటికి తూర్పువైపు గోడ ప్రక్క అట్లుండును. పడమటి గోడ వేసవిలో కొలిమివలె కాగును. అక్కడ నాటవలసివచ్చిన యెడల గోడకు రెండడుగులు ఎడముగా నాటి, వేసవిలో పందిరిపై కొబ్బరిమట్టనో, ఈతమట్టనో కప్పవలెను. అంట్లు తోము చోటునకు ఆరేడడుగుల దూరములో పాదు ఉండిన యెడల నీరు మోయు శ్రమ తప్పును. చిన్న కాలువ చాలును.

గరుసునేలలో మొక్కకు ఆధారము గుంతయే. ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు గుంత త్రవ్వి, రాళ్లను ఏరివేయవలెను. పైమట్టి, చెరువు ఒండ్రు, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపవలెను. రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపినచో వేరును పట్టు నులిపురుగులు తగ్గును. చివకని ఎరువు వేయరాదు. దానికి చెదలు పట్టును. పాదుచుట్టు జానెడు ఎత్తు గట్టు కట్టి, నీరు మొదలునకు తగిలి నిలువకుండ మధ్యలో కొంచెము మిట్టగా ఉంచవలెను.

మొదలు చుట్టు వేరుశనగ పొట్టునో, ఎండుటాకులనో మూడంగుళముల మందమున పరచిన యెడల నేలలోని తడి త్వరగా ఆరదు. కాండమునకు అరచేయి వెడల్పు దూరము వదలి పరచవలెను.

ఊరికి పోవలసివచ్చిన వారికి కుండసేద్యము ఉపకరించును. మెరుగు పెట్టని మట్టికుండను మెడవరకు పాదు ప్రక్క పాతి, నీరు నింపి మూత పెట్టవలెను. కుండ గోడలగుండా నీరు మెల్లగా ఊరి వేరునకు అందును. అయితే ఈ కుండలో మంచినీరే పోయవలెను. కుడితి, జిడ్డునీరు, బియ్యపు కడుగు పోసినచో సూక్ష్మరంధ్రములు పూడిపోవును.

విత్తనము, ముక్కలు

బచ్చలిని గింజలవలనను, కాడ ముక్కలవలనను పెంచవచ్చును. నల్లగా పండిన కాయలను నలిపి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టవలెను. గింజపెంకు గట్టిది గనుక ఒక రాత్రి, పగలు నీటిలో నానవేసి, అర అంగుళము లోతున వేయవలెను. పది మొదలు ఇరువది రోజులలో మొలక కనబడును. పాదునకు నాలుగు గింజలు వేసి, మొలచిన తరువాత బలమైన రెంటిని ఉంచవలెను.

ముక్కలు నాటుట మరింత సులభము. ముదిరిన కాడను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండునట్లు కోసి, క్రింది రెండు కణుపులు మట్టిలో ఉండునట్లు నాటవలెను. ఒకటి రెండు వారములలో వేరు పట్టును. కొనవలసిన పని లేదు. పొరుగింటినుండి ఒక కాడ తెచ్చుకొనిన చాలును. బజారు కట్టలోని కాడకు కూడ కణుపు చెడనిచో వేరు వచ్చును.

తొలకరి వానలు పడు ఆషాఢ మాసము నాటుటకు మంచి కాలము. వేసవికి ఆకు కావలెనన్నచో మాఘములో నాటి, ఎండలు ముదురునాటికి వేరు లోతుగా దిగునట్లు చూడవలెను. చైత్ర వైశాఖములలో క్రొత్తగా నాటుట శ్రమ. అయిదుగురున్న ఇంటికి మూడు పాదులు ఉండిన వారమునకు రెండు కూరలకు లోటుండదు.

పందిరి

ప్రాకు తీగలన్నియు ఒకే తీరున ప్రాకవు. బీర, సొర, కాకరలకు నులితీగలు ఉండును. అవి సన్నని పుల్లను, త్రాటిని చుట్టుకొనును. బచ్చలి, చిక్కుడు తీగలకు నులితీగలు లేవు. కాండమే ఆధారమును చుట్టుకొనుచు పైకి పోవును. కావున బచ్చలికి పరచిన పందిరికన్న నిలువు ఆధారము ముఖ్యము. గోడమీదికి ఊరక వదలిన తీగ పట్టులేక జారిపోవును.

మన ప్రాంతమున వెదురు కొనుట బరువు. కందికట్టె ప్రతి రైతు ఇంటను ఉండును. నాలుగైదు కందికట్టెలను కలిపి కట్టి ఆరడుగుల గుంజలుగా వాడవచ్చును. సుబాబుల్, జామాయిలు కర్రలు మరింత మన్నును. అడుగు ఎడముగా మూడు గుంజలు పాతి, కొనలను ఒకటిగా కట్టినచో గాలికి పడదు. వాకిటి ముందర నీడ కావలెనన్నవారు నాలుగు రాటలు పాతి, పైన కంప పరచి, తీగను రాటవెంబడి ఎక్కించి పందిరిమీదికి వదలవలెను. ఆ పందిరి క్రిందనే అంట్లు తోముకొనినచో ఎండయు తప్పును.

త్రుంచుట, కోయుట

తీగ ఒకటిన్నర అడుగు పెరుగగానే కొన త్రుంచవలెను. ప్రక్క కొమ్మలు వచ్చును. త్రుంచని తీగ ఒంటిగా పైకిపోయి ఆకు తక్కువ ఇచ్చును. గింజ వేసిన ఆరు మొదలు ఎనిమిది వారములలో మొదటి కోత వచ్చును. లేత కొమ్మలను ఎనిమిది పది అంగుళముల పొడవున, క్రింద రెండు కణుపులు ఆకుతోసహా విడిచి కోయవలెను. ఆ కణుపులనుండి క్రొత్త కొమ్మలు పుట్టును. ఒకే పర్యాయము తీగలో మూడవవంతు మించి కోయరాదు. పది రోజులకొక కోత చొప్పున నెలల తరబడి సాగును.

నెలకొకసారి దోసెడు చివికిన ఎరువు వేయవలెను. పలుచని పేడనీరో, జీవామృతమో పదునైదు రోజులకొకసారి పోసిన యెడల ఆకు వెడల్పగును. యూరియా పిడికెళ్లతో వేయు అలవాటు మంచిది కాదు. ఆకు నీరుబట్టి పేనుబంకను పిలుచును.

పగలు పొట్టివగుకొలది బచ్చలి పూతకు వచ్చును. మన ప్రాంతమున అతి పొడవైన పగలు కూడ దాదాపు 13 గంటలే గనుక పూత పూర్తిగా తప్పదు; కార్తీకమునుండి పుష్యమువరకు హెచ్చుగా నుండును. అప్పుడు ఆకులు చిన్నవగును. ఆకు కావలసినవారు పూతకంకులను వచ్చినవి వచ్చినట్లు గిల్లివేయవలెను. మాఘమాసమున తీగను నేలనుండి రెండడుగుల ఎత్తులో కోసి, ఎరువు వేసి, నీరు పోసిన యెడల చిగిర్చి వేసవి అంతయు ఆకు ఇచ్చును.

చలికాలపు తోడు

పూలయందు మక్కువ గలవారు బచ్చలి మందగించు చలికాలమున అదే పాదులో నస్టర్షియము అను పూలతీగను వేయవచ్చును. ఇది దక్షిణ అమెరికాలోని పెరూ ప్రాంతపు కొండలనుండి లోకమంతటికి వ్యాపించినది. నారింజ, పసుపు, ఎరుపు రంగుల పూవులు, చిన్న గొడుగువంటి గుండ్రని ఆకులు దీని ప్రత్యేకత. ఇది ఆకుతొడిమతో ఆధారమును చుట్టి ప్రాకును గనుక సన్నని పుల్లలు, త్రాళ్లు కావలెను. ఆకును, పూవును తినవచ్చును. ఆవవలె ఘాటుగా నుండును. పచ్చిగా తినదలచినచో దీనికి మంచినీరే పోయవలెను.

ఆశ్వయుజ కార్తీకములలో గింజను ఒక రాత్రి నానవేసి అంగుళము లోతున వేయవలెను. బలమైన ఎరువు వేసినచో ఆకు హెచ్చి పూత తగ్గును. పేదనేలలోనే బాగుగా పూయును. ఎండలు ముదరగానే ఇది చచ్చును. అప్పటికి బచ్చలి చిగిర్చి పందిరిని తిరిగి ఆక్రమించును. ఒకే పందిరి, రెండు కాలములు.

తెగుళ్లు, పురుగులు

బచ్చలికి శత్రువులు కొలదియే. ఆకులపై నడుమ తెల్లగా, అంచు ఎర్రగా గుండ్రని మచ్చలు వచ్చుట ఆకుమచ్చ తెగులు. అట్టి ఆకులను కోసి కాల్చివేయవలెను. ఆకులను తడుపక, గాలి ఆడునట్లు కొమ్మలను పలుచన చేయవలెను. తడి యున్నను తీగ వాడుచు, పీకి చూచినప్పుడు వేరుపై బుడిపెలు కనబడినచో నులిపురుగులు పట్టినవని తెలిసికొనవలెను. ఆ పాదును వదలి వేరొకచోట నాటి, పాత పాదులో ఒక కారు బంతి వేయవలెను. పాత తీగ ముక్కను వేరుతో సహా క్రొత్త పాదునకు తీసికొని పోరాదు.

పేనుబంకకును, ఆకు తిను పురుగులకును 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను. రోజును కోసి తిను ఆకుకూరపై చేనికి తెచ్చిన పురుగుమందును చల్లుట ప్రమాదము. మేకలు, కోళ్లు అన్నిటికన్న పెద్ద శత్రువులు. లేత తీగకు కందికంపతో దడి కట్టవలెను.

గ్రామాధికారులకు ఒక మాట

వీధి కొళాయి, చేతిపంపు, నీటితొట్టి ఉన్న ప్రతిచోట బురదగుంట ఒకటి ఉండును. ఆ నీరు చాలవరకు శుభ్రమైనదే. దానిని చిన్న కాలువద్వారా రెండు మూడు పాదులకు మళ్లించినచో బురదయు పోవును, కూరయు వచ్చును. పాఠశాలలోను, అంగన్‌వాడి కేంద్రములోను పిల్లలు చేతులు, పళ్లెములు కడుగు చోట బచ్చలి పందిరి వేయుట అన్నిటికన్న సులభము. ఆ ఆకు ఆనాటి పప్పులోనే పడును. పంచాయతి కార్యదర్శులు, గ్రామ ఉద్యాన సహాయకులు తొలకరికి ముందు ఊరిలో నాలుగు మంచి తీగలను గుర్తించి, ముక్కలు పంచిన యెడల ఖర్చు ఏమియు లేక ఒక్క ఏటిలో ఊరంతయు వ్యాపించును. పాదు చూపించుటతోపాటు ఏ నీరు పోయరాదో కూడ చెప్పుట మరువరాదు.

బచ్చలి పందిరితో కరవు తీరదు, బావులు నిండవు. కాని మండు వేసవిలో ఆకుపచ్చని కూర దొరకని సీమలో, మన ఇంటి వాకిట పారు నీటినుండియే వారమునకు రెండుసార్లు పిల్లల కంచములో ఆకుకూర పడును. తొలకరి వచ్చులోపల గుంత త్రవ్వి ఎండబెట్టుడు. మొదటి వాన పడగానే పొరుగింటి తీగనుండి ఒక కాడ తెచ్చి నాటుడు. మరుసటి యేడు మీ తీగనుండి పదిమందికి ఇయ్యవచ్చును.